రికార్డా, రీలా, కీ వాచీనా: బెంగళూర్లో పాత వస్తువుల పిచ్చి పట్టినోళ్ళు మొదట ఏది తీసుకోవాలి

మా టీమ్‌లో ఎవరికైనా కొత్తగా పాత వస్తువుల పిచ్చి పట్టిందంటే తిన్నగా నా సీటు దగ్గరికి పంపించేస్తారు. "అన్నా, రికార్డ్ ప్లేయర్ ఒకటి తీసుకుందాం అనుకుంటున్నా, ఏది మంచిది?" అని మొదలుపెడతారు, నేను మోడల్ పేరు చెప్పకుండా మీ ఇంట్లో రికార్డులు ఎన్నున్నాయ్ రా అని అడుగుతా, ఒక్కటీ లేదన్నా, ముందు ప్లేయర్ వస్తే తర్వాత అవే వస్తాయ్ అంటారు. రావు. కొత్తవి కొనాలంటే ఒక్కోదానికి రెండు మూడు వేలు పెట్టాలి, పాతవి కావాలంటే ఆదివారం పొద్దున్నే లేచి చిక్‌పేట వెళ్ళి దుమ్ములో గొంతుక్కూర్చుని వెతకాలి, ఈ రెండూ మనవల్ల కాదంటే ఆ ప్లేయర్ మూడో నెలకి మనీప్లాంట్ కుండీకి స్టాండ్ అయిపోతుంది.

నాది రాయచోటి, బెంగళూరొచ్చి పదకొండేళ్ళయింది, ఇప్పుడు ఇంట్లో ఏమేమున్నాయంటే కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీలు మూడు, యాషికా ఫిల్మ్ కెమెరా ఒకటి, క్యాసెట్ డెక్ ఒకటి, రికార్డ్ ప్లేయర్ ఒకటి (ఇది రెండోది, మొదటిదాని కథ కింద చెప్తా), రాజమండ్రి రత్నం పెన్నొకటి, మర్ఫీ వాల్వ్ రేడియో ఒకటి. రేడియో పలకదు, దాని మీద వైఫై రౌటర్ పెట్టుకున్నాం. మా ఆవిడ దృష్టిలో వీటన్నిట్లో పనికొచ్చేది ఆ రేడియో ఒక్కటే.

ఏది కొనాలి అన్నదానికి నా లెక్క ఒకటుంది, కొంచెం తిక్కగా అనిపిస్తుంది గానీ డబ్బులు తగలేసుకున్నాక వచ్చిన లెక్క. వస్తువు వెతకడానికి ముందు దాన్ని బాగుచేసే మనిషిని వెతుక్కోండి. ఫోన్ పాడైతే పడేసి ఇంకోటి కొంటాం, ఇవి అలా కాదు, ఇవి మన చేతికొచ్చే రోజుకే సగం పాడై ఉంటాయి, ముప్పై నలభై ఏళ్ళు ఎవరి అటక మీదో పడుండి లోపల నూనె గట్టిపడిపోయి, రబ్బరు జిగురైపోయి, స్పాంజి పొడిపొడిగా రాలిపోతూ వస్తాయి. అందుకని ఇంటి నించి గంట దూరంలో (బెంగళూర్లో గంట దూరం అంటే ఆరు కిలోమీటర్లు అనుకోండి) బాగుచేసేవాడు ఉన్నాడా లేడా అన్నది మొదటి ప్రశ్న. వారంలో ఎన్నిసార్లు దాన్ని చేత్తో ముట్టుకుంటాం అన్నది రెండో ప్రశ్న. నెలనెలా ఎంత తింటుంది అన్నది మూడోది. షెల్ఫ్‌లో పెడితే ఎలా కనిపిస్తుంది అన్నది అసలు ప్రశ్నే కాదు, కానీ జనం అందరూ అక్కడి నించే మొదలుపెడతారు.

ఈ లెక్క ప్రకారం బెంగళూర్లో ఉన్నోళ్ళకి నేను ముందు చెప్పేది కీ వాచీ. హెచ్ఎంటీ వాళ్ళు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే, 2016లో ప్రభుత్వం వాచీల కంపెనీ మూసెయ్యడానికి ఒప్పుకునేదాకా యాభై ఏళ్ళ పైన తయారైన సరుకు, కాబట్టి దాన్ని విప్పడం తెలిసిన చేతులు, పాత వాచీల్లోంచి తీసి దాచిన స్పేర్ పార్టులు ఇక్కడ దొరికినంత సులభంగా ఇంకెక్కడా దొరకవు. అవెన్యూ రోడ్డు సందుల్లో, మల్లేశ్వరంలో, ఇంకా చాలా పాత ఏరియాల్లో మెట్ల కింద అలమారా అంత కొట్టు పెట్టుకుని కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ కనిపిస్తాడు. ఆయన్ని పట్టుకున్నారంటే సగం పని అయిపోయినట్టే.

కొనే ముందు ఇంకో పని, ఊరెళ్ళినప్పుడు బీరువా వెతకండి. ఒకప్పుడు మన వైపు పెళ్ళిళ్ళలో అల్లుడికి వాచీ పెట్టడం అంటే చాలా ఇళ్ళల్లో హెచ్ఎంటీనే, అవి ఎక్కడికీ పోలేదు, ఎల్ఐసీ బాండ్ల కింద రుమాల్లో చుట్టి ఉంటాయ్. మా నాన్నది జనతా మోడల్ అలాగే దొరికింది, గ్లాస్ పసుపురంగుకి తిరిగి, స్ట్రాప్ ముట్టుకుంటే పొడైపోయింది. రిపేరాయన వెనక మూత తీసి చూపించాడు, లోపల నూనె ఎండి చక్రాల మొదట్లో పచ్చగా పేరుకుపోయుంది. అన్నీ విడదీసి పెట్రోల్‌లో కడిగి, సూది మొన మీద చుక్క నూనె తీసుకుని ఒక్కో రాయి దగ్గరా పెట్టాడు, జనతాలో పదిహేడు రాళ్ళుంటాయి. తర్వాత కీ నాలుగు చుట్లు తిప్పాడో లేదో బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది, సెకనుకి అయిదు టిక్కులు. నాకు వాచీ తిరిగి ఇస్తూ "రోజూ ఒకే టైమ్‌కి కీ ఇవ్వు, చెవి దగ్గర పెట్టుకుని ఇవ్వకు, వేళ్ళకి తెలుస్తుంది ఎప్పుడు ఆపాలో" అన్నాడు కన్నడంలో. నిజంగానే తెలుస్తుంది, చివర్లో కీ బరువెక్కుతుంది. ఖర్చు మొత్తం గ్లాసు, స్ట్రాప్ కలిపి వెయ్యి లోపే.

బజార్లో కొనేటట్లయితే మాత్రం రంగు చూసి మోసపోకండి. ఆన్‌లైన్‌లో కొత్త డయల్‌తో మెరిసిపోతూ గులాబీ రంగు, చిలకపచ్చ రంగు జనతాలు కనిపిస్తాయి, అవి చాలావరకు పాత డయల్ గీకేసి మళ్ళీ రంగేసినవి. భూతద్దంతో అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది, అసలు డయల్ మీద ప్రింట్ అంచులు సన్నగా తెగినట్టు ఉంటాయి, రంగేసినదాని మీద సిరా పీల్చుకున్నట్టు మొద్దుగా ఉంటాయి. వయసుకి తగ్గట్టు కొంచెం మాసిన డయలే నయం. రోజుకి అరనిమిషం అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. ఉన్నట్టుండి రోజుకి పది నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలెట్టిందంటే పాడైందని కంగారుపడొద్దు, నాకూ అలాగే అయింది, రాత్రిపూట బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టి పడుకునేవాణ్ణి, ఆ అయస్కాంతానికి లోపల వెంట్రుక లాంటి స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయట, స్ప్రింగ్ పొట్టిదైనట్టే కదా, అందుకే పరుగు. రిపేరాయన అయస్కాంతం వదిలించే ఒక నీలం డబ్బా మీద రెండు సెకన్లు పెట్టి తీశాడు, యాభై రూపాయలు తీసుకున్నాడు, అంతే. ఇన్ని మాటలెందుకంటే నెలకి పైసా ఖర్చు లేని హాబీ ఇదొక్కటే, రోజూ చేత్తో ముట్టుకునేదీ ఇదే, 1బీహెచ్‌కేలో జాగా అడగనిదీ ఇదే.

ఇక రికార్డుల దగ్గరికొద్దాం, ఎందుకంటే అందరికీ కావాల్సింది అదే. మొదటి ప్లేయర్ నేను చేసిన తప్పు, సూట్‌కేస్ ఆకారంలో, స్పీకర్లు లోపలే, రంగు చూసి ఆన్‌లైన్లో కొన్నా, నాలుగు వేలో ఎంతో. అది పాట పాడింది, పాడదని అనను. కానీ ఆ టైపు ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే ముక్క) ఉంటుంది, ముల్లు అయిదారు గ్రాముల బరువుతో గాడి మీద కూర్చుంటుంది, కాస్త మంచి ప్లేయర్‌లో అదే రెండు మూడు గ్రాములు. తేడా ఎంతుందో అప్పుడు నాకు తెలియదు. మామయ్య ఇచ్చిన పాత ఎల్పీ ఒకదాన్ని ఇష్టంగా రోజూ వేసేవాణ్ణి, కొన్ని నెలలకి లైట్ కింద వంచి చూస్తే నేను వేసిన వైపు గాడులు బూడిదరంగుగా కనిపించాయి, వెయ్యని వైపు నల్లగా నిగనిగలాడుతోంది. గొంతు పైకి లేచే చోటల్లా బరబర. ముల్లు ఉలిలా చెక్కేసింది. పోయిన గాడి తిరిగి రాదు.

కాబట్టి రికార్డులకి దిగాలంటే లెక్క ఇలా వేసుకోండి. బరువు సరిచేసుకునే టోన్ ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) ఉన్న ప్లేయర్ గానీ, లేదా ఫ్యాక్టరీలోనే సరిచేసి మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌తో ఇచ్చే ఆటోమేటిక్ ప్లేయర్ గానీ ఆ సూట్‌కేస్ ప్లేయర్ రేటుకి రాదు, దానికి స్పీకర్లు వేరే, ఫోనో ప్రీయాంప్ అనేది ప్లేయర్లో లేకపోతే అదీ వేరే. ఈ ప్రీయాంప్ ఎందుకు అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. రికార్డు తయారు చేసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి గాడి కోస్తారు, బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ అడ్డంగా ఊగి జాగా అంతా తినేస్తుంది, పాటలు పట్టవు. మనం వేసేటప్పుడు దాన్ని తిరగేసి బేస్ పెంచి ట్రెబుల్ తగ్గించాలి, ఆ లెక్కకి ఆర్ఐఏఏ కర్వ్ అని పేరు, 1950ల మధ్య నించీ అందరూ అదే వాడుతున్నారు. ప్రీయాంప్ లేకుండా తిన్నగా హోమ్ థియేటర్ ఆక్స్‌లో గుచ్చితే సౌండు దూరంగా పక్కింట్లో రేడియో మోగినట్టు, సన్నగా వస్తుంది. మా టీమ్ కుర్రాడొకడు అలా గుచ్చుకుని ప్లేయర్ పోయిందని రిటర్న్ పెట్టేశాడు.

పాత ప్లేట్లు (మా తాత రికార్డుని ప్లేటు అనేవాడు) కొనేటప్పుడు లేబుల్ మీద స్పీడు చూడండి. ఎల్పీ అంటే నిమిషానికి 33 చుట్లు పైన ఇంకో మూడో వంతు, ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు. చిన్నవి ఈపీలు 45. బరువుగా, కింద పడితే పెంకులా పగిలేవి 78, వాటి జోలికి ఇప్పుడే పోవద్దు, అవి లక్కతో చేసినవి, గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు దాంట్లో అడుక్కి జారి గీసుకుంటుంది, వాటికి వేరే ముల్లు కావాలి. ఇంకోటి, యూట్యూబ్ చూసి స్పిరిట్‌తో తుడిచెయ్యకండి, ఎల్పీకి నీళ్ళు కలిపిన ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఫరవాలేదు గానీ 78 లక్క స్పిరిట్‌కి కరిగిపోతుంది, చేతికి అంటుకుని వస్తుంది. పెట్టేటప్పుడు పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి, పడుకోబెట్టి దొంతరగా పేరిస్తే వంగుతాయి, కిటికీ పక్కన ఏప్రిల్ ఎండ తగిలేచోట పెడితే అప్పడం అయిపోతాయి.

ఇంట్లో ఇప్పటికే ఇరవై ముప్పై ఎల్పీలు ఉన్నోళ్ళకీ, హాల్లో గంట సేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చునే అలవాటున్నోళ్ళకీ మాత్రమే నేను ఇది తీసుకోమంటా. సౌండు డిజిటల్ కన్నా గొప్పది అనే వాదన నాతో పెట్టుకోకండి, శుభ్రంగా రికార్డ్ చేసిన డిజిటల్ ఫైల్‌లో చిటపటలు ఉండవు, రికార్డు మధ్యకి దగ్గరగా ఉండే పాటల్లో లాగా గొంతు బిగుసుకుపోదు. రికార్డు సుఖం వేరే, ఇరవై నిమిషాలకి లేచి తిరగెయ్యాలి కాబట్టి పాటలు దాటేసే బద్ధకం పోతుంది.

దీనికీ క్యాసెట్‌కీ మధ్య ఊగుతుంటే మీ దగ్గర ఇంట్లో రికార్డ్ చేసిన క్యాసెట్లు ఉన్నాయా అన్నది చూసుకోండి. కంపెనీ క్యాసెట్ల కోసమైతే వద్దు, ఆ పాటలు ఇంతకన్నా బాగా ఫోన్లోనే ఉన్నాయి. మా వైపు రాయచోటి, రాజంపేట ఇళ్ళల్లో ఇంకో రకం క్యాసెట్లుంటాయి, కువైట్ వెళ్ళినోళ్ళు ఉత్తరం రాయడానికి బదులు మాట్లాడి పంపించినవి. మా పెద్దనాన్న కొడుకు పంపిన సీ-60 (అరవై నిమిషాల క్యాసెట్) ఒకటి ఇంట్లో ఉండేది, ముప్పై ఏళ్ళు ఎవరూ వెయ్యలేదు. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డు దగ్గర సెకండ్ హ్యాండ్ డెక్ ఒకటి కొన్నా, అమ్మినాయన చాలూ ఉంది సార్ (పనిచేస్తోంది) అన్నాడు, ఇంటికొచ్చి ప్లే నొక్కితే మోటార్ తిరుగుతున్న శబ్దం ఉంది, క్యాసెట్ తిరగదు. మూత విప్పితే బెల్టు లేదు, బెల్టు ఉండాల్సిన చోట తారు ఉంది. పాత రబ్బరు బెల్టులు అలా కరిగిపోతాయి, పుల్లీ గాడి నిండా నల్లటి జిగురు, గోళ్ళలోకి పోయింది, మూడు రోజులు వదల్లేదు, అన్నం కలుపుకుంటే వేళ్ళు టైర్ వాసన. ఇయర్ బడ్స్ ఒక డబ్బా, ఐపీఏ ఒక సీసా అయ్యాక శుభ్రమైంది. పాత బెల్టు లేదు కాబట్టి పుల్లీల చుట్టూ దారం పెట్టి కొలిచి, దానికన్నా కాస్త పొట్టి బెల్టు ఎస్పీ రోడ్డులోనే వెతికి తెచ్చి వేశా.

అప్పటికి తిరిగింది, గానీ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది. హెడ్ తుడిచా, అంతే. టేపే పోయిందనుకున్నా. తర్వాత తెలిసింది హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, హెడ్ నిలువుగా ఉందా ఓ వెంట్రుకవాసి ఒరిగి ఉందా అన్నది దాంతో సరిచెయ్యాలని, అజిమత్ అంటారు. కువైట్‌లో ఏ టూ-ఇన్-వన్‌లో రికార్డ్ చేశాడో దాని హెడ్ ఒక కోణంలో ఉంది, నా డెక్ హెడ్ ఇంకో కోణంలో. టేపు నడుస్తుండగానే ఆ స్క్రూ పావు చుట్టు తిప్పానో లేదో దుప్పటి తీసేసినట్టు అయింది, అన్న గొంతు, వెనకాల కుక్కర్ విజిల్, ఎవరో గదిలో "ఒరేయ్ పప్పులో ఉప్పెయ్ రా" అన్నది కూడా. ఆ రాత్రే లైన్ అవుట్ నించి ల్యాప్‌టాప్‌కి ఎక్కించేశా, పెద్దమ్మకి వాట్సాప్‌లో పంపా.

ఇలాంటి క్యాసెట్లు ఉంటే డెక్ కొనండి, ఆలస్యం చెయ్యకండి కూడా. పాత ఫిలిప్స్, సోనీ డెక్‌లు నయం, కొత్తగా వచ్చే చవక ప్లేయర్లలో స్పీడు నిలకడగా ఉండదు, వీణ పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. క్యాసెట్ వెయ్యబోయే ముందు టేపు వెనకాల చిన్న స్పాంజి ముక్క ఉందా లేదా చూడండి, జిగురు ఎండి అది రాలిపోయి ఉంటుంది, అది లేకపోతే టేపు హెడ్‌కి ఆనదు. సీ-120లు ఉంటే జాగ్రత్త, టేపు మరీ పల్చన, మిషన్ మింగేస్తుంది. వదులైన టేపుని పెన్సిల్‌తో చుట్టడం గురించి మీకు చెప్పక్కర్లేదు కదా.

ఫిల్మ్ కెమెరా సంగతి వేరు, ఇది నెలనెలా జేబు తినే హాబీ, కొనేటప్పుడు చవగ్గా అనిపించి తర్వాత కొరుకుతుంది. నేను ఈమధ్య కొన్న కలర్ రీలు వెయ్యి పైన అయింది, కడిగించి స్కాన్ చేయించడానికి ఇంకో అయిదారు వందలు, 36 ఫోటోలు కాబట్టి ఒక్కో ఫోటో నలభై అయిదు రూపాయల దాకా పడింది. బిడ్డ బర్త్‌డే కేక్ కోస్తుంటే నొక్కుతూ పోవడం కుదరదు. ఒకప్పుడు మనకి ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందూ ఫిల్మ్ ఉండేది, అదీ పోయింది, ఇప్పుడంతా బయటి సరుకే. సినిమాలకి వాడే ఫిల్మ్‌ని చిన్న రీళ్ళలో చుట్టి కాస్త తక్కువకి అమ్ముతారు, బాగుంటుంది గానీ దాంట్లో కొన్నిటికి వెనక వైపు రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటుంది, మామూలు కలర్ మిషన్లో వేస్తే ఆ పూత ఊడి ల్యాబ్ వాడి కెమికల్ అంతా పాడు చేస్తుంది, చెప్పకుండా ఇచ్చారంటే వాడు మళ్ళీ మీ మొహం చూడడు. కడిగేచోట ముందే అడగండి.

కెమెరా ఏది అంటే బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేసే మెకానికల్ మోడల్ చూసుకోండి, పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్ఎం2, యాషికా ఎఫ్ఎక్స్-3, ఇలాంటివి. వీటిల్లో బ్యాటరీ లైట్ మీటర్ కోసమే, అది చచ్చినా ఎండ చూసి లెక్క వేసుకోవచ్చు, మంచి ఎండలో లెన్స్ రంధ్రం f/16 దగ్గర పెట్టి, షట్టర్ స్పీడు సెకనులో ఫిల్మ్ ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి, డబ్బా మీద ఉండే అంకె) ఎంతో అన్నో వంతు, 200 ఫిల్మ్ అయితే 1/250 దగ్గర. జేబులో పట్టే ఆటోమేటిక్ కెమెరాలు ముద్దుగా ఉంటాయి, వాటిలో ఎలక్ట్రానిక్స్ పోతే మాత్రం ఎవరూ ముట్టుకోరు, నా మొదటి లెక్కలో అవి ఫెయిల్. కొనేముందు లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి, లోపల సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, వదిలెయ్యండి. వెనక తలుపు అంచుల్లో నల్ల స్పాంజి జిగురైపోయుంటే భయపడక్కర్లేదు, అది మార్చుకోవచ్చు, కానీ మార్చకుండా రీలు ఎక్కిస్తే ఫోటోల అంచుల్లో ఎర్రగా మంట పెట్టినట్టు వెలుగు పడుతుంది.

నేను చేసిన తప్పు ఇంకోటి చెప్తా, చెల్లి నిశ్చితార్థానికి గర్వంగా మెళ్ళో యాషికా వేసుకుని తిరిగా, 36 అయిపోయాయి, 37, 38, 39 కూడా పడుతూనే ఉన్నాయి, అబ్బా రీలు ఎక్కువొచ్చింది అని సంబరపడ్డా. ఒక్కటీ పడలేదు. రీలు మొదటి కొస పళ్ళకి తగులుకోలేదు, లోపల ఖాళీగా తిరుగుతోంది. అప్పటినించీ రీలు ఎక్కించాక మొదటి రెండు ఫోటోలు నొక్కేటప్పుడు ఎడమచేతి వైపు రివైండ్ పిడి తిరుగుతోందా లేదా చూస్తా, అది తిరిగితేనే రీలు కదులుతున్నట్టు. మా చెల్లి ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతుంది, పెళ్ళయి ఇద్దరు పిల్లలు.

వాచీకీ కెమెరాకీ మధ్య అయితే, నెలకి రెండు వేలు పోయినా బాధ లేదు, వీకెండ్ నంది హిల్సో లాల్‌బాగో తిరిగే అలవాటుంది అనుకుంటే కెమెరా, లేదంటే వాచీ. రెండూ కావాలంటే వాచీతో మొదలెట్టి కెమెరాకి డబ్బు కూడబెట్టండి, తిరగేసి చెయ్యకండి.

వాల్వ్ రేడియో గురించి రెండు ముక్కలే. చూడ్డానికి అన్నిట్లోకీ అందంగా ఉండేది ఇదే, చెక్క పెట్టె, స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో చూపించే పచ్చ కన్ను, వేడెక్కాక మెల్లగా గొంతు లేవడం. కానీ లోపల రెండొందలు దాటిన డీసీ వోల్టేజీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో కొంచెం సేపు అలాగే కూర్చుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ లేని మోడళ్ళలో లోపలి ఇనప చట్రానికే కరెంటు ఉంటుంది. ఏళ్ళ తరబడి మూలపడ్డదాన్ని తెచ్చీ తేగానే ప్లగ్‌లో పెట్టారంటే పాత కెపాసిటర్ ఢామ్మంటుంది, నా మర్ఫీ అలాగే పోయింది. బీఈఎల్ వాళ్ళు ఇదే ఊళ్ళో వాల్వులు చేసేవాళ్ళు కాబట్టి వాల్వులు అప్పుడప్పుడు కనిపిస్తాయి, బాగుచేసే మనిషి మాత్రం నాకు ఇప్పటిదాకా దొరకలేదు, అందుకే రౌటర్ స్టాండ్. రేడియో మీద మనసుంటే మీడియం వేవ్ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ కొని రాత్రి తొమ్మిది తర్వాత మేడ మీదికి ఎక్కండి, ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్ల గోల వల్ల గరగర తప్ప ఏం రాదు. చీకటిపడ్డాక మీడియం వేవ్ ఆకాశంలో తగిలి దూరం పోతుంది, హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు పెట్టి రేడియోని మెల్లగా పక్కకి తిప్పుతూ వెతికితే, ఒకసారి తేలుతూ ఒకసారి మునుగుతూ తెలుగు వినిపించింది నాకు. వెయ్యి రెండు వేలల్లో అయిపోయే సరదా.

ఇంకు పెన్ను అయితే అసలు ఆలోచించక్కర్లేదు, అయిదొందలకి కూడా మంచిది వస్తుంది, పాడయ్యేదేం లేదు, పదిహేను రోజులకోసారి మామూలు నీళ్ళతో పాళీ కడుక్కుంటే చాలు. రాజమండ్రి నించి వచ్చే ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు చేత్తో లేత్ మీద చెక్కి చేసినవి, ఎండాకాలం చేతిలో చల్లగా ఉండవు, వెచ్చగా ఉంటాయి, అదొక తమాషా. డ్రాపర్‌తో సిరా పోసే రకం అయితే సిరా సగానికన్నా తగ్గాక చొక్కా జేబులో పెట్టుకోకండి, లోపల గాలి ఒంటి వేడికి పెరిగి సిరాని పాళీలోంచి బయటికి తోస్తుంది, మెట్రోలో ఎక్కేటప్పుడు తెల్లచొక్కా, దిగేటప్పుడు ఇండియా మ్యాప్. టైప్‌రైటర్ ఎవరైనా అడిగితే వద్దనే చెప్తా, కింద ఇంటి ఓనర్ ఉన్నంతకాలం.

ఇంక చిక్‌పేట వైపు సండే బజార్‌కి వెళ్ళేటట్లయితే ఏడింటికల్లా అక్కడ ఉండండి. సంచిలో ఫోన్ టార్చ్ కాకుండా ఒక చిన్న టార్చ్, పెన్సిల్ సెల్స్ నాలుగు, పోయినా బాధ లేని క్యాసెట్ ఒకటి, పాత న్యూస్ పేపర్, చిల్లర పెట్టుకోండి. క్యాసెట్ ప్లేయర్ చూపించి వర్కింగ్ సార్ అంటే అక్కడే సెల్స్ వేసి మీ క్యాసెట్ పెట్టి వినండి, ఫార్వర్డ్, రివైండ్ రెండూ నొక్కండి. వాచీ అయితే కీ రెండు చుట్లు ఇచ్చి జేబులో వేసుకుని ఇంకో రెండు కొట్లు తిరిగొచ్చి చూడండి, ఆగిపోయుంటే రేటు సగం అడగండి. అమ్మేవాళ్ళకి కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు అన్నీ వచ్చు, బేరం మాత్రం ఏ భాషలో మొదలెడితే ఆ భాషలోనే ముగించండి, మధ్యలో మీరు తెలుగులో ఫ్రెండ్‌తో "అయిదొందలైనా ఇచ్చెయ్యొచ్చు రా" అన్నారంటే అది అయిదొందల యాభై అవుతుంది.